ఫ్లాట్ చూపించే ముందు

సూరత్ తూర్పు వైపు, లింబాయత్ మొదలుకొని పర్వత్ పాటియా దాకా, కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గాల పనికి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. తాతలు సాంచాల (మరమగ్గాల) మీద పనిచేశారు, తండ్రుల్లో కొందరు బట్టల మార్కెట్లలో కుదురుకున్నారు. ఇప్పుడు మనవలకు పెట్టుబడి లేకుండా కనిపించే దారుల్లో ఇళ్ల దలాలీ ఒకటి. చేతిలో ఫోను, ఒక బండి, కులంలో నలుగురితో పరిచయం ఉంటే చాలునని దిగుతారు. ఆ నమ్మకంతోనే నాకు పేచీ. పరిచయాలు వాకిలి తెరుస్తాయి, నిజమే. వృత్తి మాత్రం గుజరాతీలో రాసిన భూమి కాగితం చదవడంతో మొదలవుతుంది. అది రాకుండా మొదటి ఫ్లాట్ చూపించకూడదు.

ఊళ్లో ఇంతమంది దలాళ్లుండగా ఒక తెలుగు కుటుంబం తెలుగువాణ్నే వెతుక్కుంటూ రావడానికి కారణం ఉంది. బజారులో గుజరాతీ, హిందీ ధారాళంగా మాట్లాడే పెద్దమనిషి కూడా దస్తావేజు ముందు పెడితే, సంతకం ఎక్కడ చేయాలనే అడుగుతాడు. ఆ కాగితంలో ఏముందో తన భాషలో చెప్పే మనిషి కావాలి అతనికి. చెప్పాల్సినవి తక్కువేమీ కావు. సాత్-బార్ ఉతారా అనే రెవెన్యూ రికార్డులో భూమి ఎవరి పేరున ఉంది, దాని మీద బ్యాంకు బోజో (అప్పు భారం) ఉందా, అది స్వేచ్ఛగా అమ్ముకోగల జూనీ షరత్ భూమా, అమ్మడానికి కలెక్టరు అనుమతి కావలసిన నవీ షరత్ భూమా అన్నది తేలాలి. సాగుభూమికి ఎన్.ఏ. (వ్యవసాయేతర వాడకానికి మార్పు) అయిందా లేదా చూడాలి. గుజరాత్‌లో రైతు కానివాడు అనుమతి లేకుండా సాగుభూమి కొనడం కుదరదు గనుక, ఊరి చివర చవకగా వస్తున్న ప్లాటుకు ఈ ఒక్క ప్రశ్నే ప్రాణం. నోటరీ కాగితం మీదో, పవర్ ఆఫ్ అటార్నీ మీదో అమ్మేవాళ్లూ ఉంటారు. అలాంటి పత్రాలతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. సూరత్‌లో కొన్ని పేటలకు అశాంత్ ధారా (కల్లోలిత ప్రాంతాల చట్టం) వర్తిస్తుంది. అక్కడ కలెక్టరు ముందస్తు అనుమతి లేని అమ్మకం చెల్లదు. ఫ్లాటైతే బి.యు. పర్మిషన్ (భవనం వాడుకునే అనుమతి) ఉండాలి. అదేదో ఆఫీసు లాంఛనమని తీసిపారేసేవాళ్లు ఇదే ఊళ్లోని సర్థాణాను గుర్తు చేసుకోవాలి. 2019 మే 24న అక్కడి తక్షశిల ఆర్కేడ్ భవనంలో చెలరేగిన మంటల్లో 22 మంది పిల్లలు పోయారు. ఆ భవనం పై కట్టడానికి సరైన అనుమతి లేదన్న సంగతి ఆ తర్వాత గాని జనానికి తెలియలేదు.

కొత్త తరానికి గుజరాతీ చదవడం వచ్చు కదా అనవచ్చు. 2023లో గుజరాత్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి దాకా అన్ని బడుల్లో గుజరాతీని తప్పనిసరి చేస్తూ చట్టమే తెచ్చింది. కానీ పాఠ్యపుస్తకం గుజరాతీ వేరు, రెవెన్యూ గుజరాతీ వేరు. హక్కు పత్రకంలో ఒక పేరు మీద గీత ఎందుకు కొట్టారో, ఆ మార్పు నమోదు నంబరు ఏమిటో, వారసుల్లో ఎవరి సంతకం రాలేదో పట్టుకోవాలంటే పాత కాగితాలు పక్కన పెట్టుకుని నెలల తరబడి చూడాలి. సగం రోజులో రాదు.

ఇది వకీలు పని కదా అన్న అభ్యంతరం దీనికంటే బలమైనది. టైటిల్ క్లియరెన్స్ ఇవ్వాల్సింది వకీలే, సందేహం లేదు. అయితే వకీలు దగ్గరికి చేరేసరికి బయానా చేతులు మారిపోయి ఉంటుంది. ఆ డబ్బు ఇవ్వాలా వద్దా అన్న ఘడియలో పక్కన ఉండేది దలాలే. అక్కడ అతని లాభం ఒక వైపు, కొనేవాడి లాభం మరో వైపు లాగుతాయి. స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో షికాగో ప్రాంతపు ఇళ్ల అమ్మకాలు సుమారు లక్ష పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఏజెంట్లు సొంత ఇల్లు అమ్ముకునేటప్పుడు మరో తొమ్మిది, పది రోజులు ఓపిక పట్టి, ఇతరుల ఇళ్లకంటే 3 శాతానికి పైగా ఎక్కువ ధర రాబట్టుకున్నారు. వాళ్లు చెడ్డవాళ్లని దీనికి అర్థం కాదు. బేరం తెగితేనే కూలి వచ్చే పనిలో తొందర దానంతటదే పుడుతుంది. లైసెన్సు పరీక్షలున్న దేశంలోనే ఇలా ఉంటే, మన దగ్గర ఆ తొందరకు అడ్డుకట్ట ఏజెంటు తన లోపలే కట్టుకోవాలి. కాగితం తెలిసినవాడికే అది సాధ్యం. తెలియనివాడు ఎంత మంచివాడైనా బిల్డరు చెప్పిందే తెలుగులో మళ్లీ చెబుతాడు.

చట్టం కూడా అతణ్ని వదిలిపెట్టదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ఏజెంటు పేరు నమోదు చేసుకోవాలి, నమోదు కాని ప్రాజెక్టులో ఫ్లాటు అమ్మిపెట్టకూడదు, లెక్కలు రాసి ఉంచాలి, కొనేవాడికి హక్కుగా రావలసిన సమాచారం, పత్రాలు అందేలా చూడాలి. తప్పితే రోజుకు 10 వేల రూపాయల చొప్పున, అమ్మిపెట్టిన ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదన్న 13వ సెక్షన్ ఒక్కటి కొనేవాళ్లకు విడమరిచి చెప్పినా ఎన్నో కుటుంబాల పొదుపు నిలబడుతుంది. నగదు వాటా సంగతీ అంతే. దస్తావేజులో ధర తగ్గించి రాస్తే స్టాంపు ఖర్చు మిగులుతుందని ఒప్పించే ఏజెంటు, రేపు బిల్డరు మాట తప్పితే డబ్బు వెనక్కి రాబట్టుకునే దారిని కొనేవాడికి తానే మూసేస్తున్నాడు. కాగితం మీద లేని రూపాయిని ఏ ట్రిబ్యునల్ ముందూ నిరూపించలేం.

అన్నీ చెబితే గిరాకీ పక్కవాడి దగ్గరికి పోతుందన్నది అందరూ అనే మాట. పర్వత్ పాటియాలో ఇది ఊహ కాదు, రోజువారీ పరీక్ష. భేసాణ్-సారోలీ మెట్రో మార్గంలో మోడల్ టౌన్, మగోబ్ స్టేషన్లు వస్తున్నాయని ప్రతి ఏజెంటూ మొదటి నిమిషంలోనే చెబుతాడు. తాపీ నది పొంగకపోయినా మీఠీ ఖాడీ వాగు పొంగి చుట్టుపక్కల సొసైటీల్లోకి నీళ్లు వస్తాయని ఎవరు చెబుతారు? చెప్పిన ఏజెంటుకు ఆ రోజు బేరం పోవచ్చు. కానీ ఇది బంధుత్వాలతో అల్లుకున్న జనం. వానాకాలం మెట్ల దాకా నీళ్లొస్తే ఆ ఇంటివాళ్లు ముందు తలచుకునేది బిల్డరును కాదు, ఇల్లు చూపించిన మనిషిని. ఇదే ఊరి వజ్రాల బజారులో దలాల్ ఒక జాంగడ్ చీటీ (అమ్ముడుపోకపోతే తిరిగిస్తానన్న రసీదు) మీద సరుకు తీసుకుని వెళ్తాడు; ఆ మాట ఒక్కసారి తప్పితే మళ్లీ ఎవరూ పొట్లం ఇవ్వరు. ఇళ్ల దలాల్‌కూ అంతకంటే సడలింపు ఉండకూడదు.

మరి నేర్చుకునే కాలంలో పూట గడిచేదెలా? ఇది నిజమైన కష్టం, నీతి చెప్పి దాటేయలేం. అద్దె ఇళ్లతో మొదలుపెట్టడం నాకు తోచిన దారి. అమ్మకమంత డబ్బు రాదు గానీ చేతికి త్వరగా వస్తుంది, ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో, ఏ సొసైటీలో లిఫ్టు ఆగిపోతుందో తెలుస్తుంది, తప్పు జరిగినా కొంప మునగదు. ఇక కాగితం చదవడం నేర్చుకునే బాధ్యత కుర్రవాళ్ల మీదే వదలకూడదు. మహారాష్ట్ర 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. గుజరాత్ కూడా ఆ పని చేయాలి. అది వచ్చేదాకా మన కులసంఘాలే పూనుకోవచ్చు. సూరత్ కార్పొరేషన్ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం ఉంది. ఆదివారం ఆ గదులకు తాళమే. ఒక రిటైరైన తలాటీని (గ్రామ రెవెన్యూ ఉద్యోగిని), ఒక వకీలును అడిగి, పేర్లు చెరిపేసిన పాత దస్తావేజులు నాలుగు ముందు పెట్టి తెలుగులో పాఠం చెప్పించడానికి కార్పొరేషన్ అనుమతి తప్ప పెద్ద ఖర్చేమీ కాదు.