0.3 వెనక పనితనం

పాత కీప్యాడ్ ఫోన్ ఒకసారి చార్జింగ్ పెడితే రోజుల తరబడి నడిచేదని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ ఘనతలో కొంత వాటా జీఎమ్‌ఎస్‌కే అనే మాడ్యులేషన్ పద్ధతిది. జపాన్‌లో ఎన్‌టీటీ ఇంజినీర్లు మురోటా, హిరాదే 1981లో దీన్ని ప్రతిపాదించారు. యూరప్ తన జీఎస్ఎమ్ ఫోన్లకు దీన్నే ఎంచుకుంది. 1995లో అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి మాట్లాడిన మన దేశపు తొలి మొబైల్ కాల్ కూడా జీఎస్ఎమ్‌దే.

ఇందులో తరంగం ఎత్తు మారదు. బిట్‌ను బట్టి ఫేజ్ మాత్రం 90 డిగ్రీలు ముందుకో వెనక్కో జరుగుతుంది. ఎత్తు స్థిరం కాబట్టి ఫోన్‌లోని పవర్ ఆంప్లిఫయర్‌ను నిండు సామర్థ్యంతో నడిపినా సమాచారం చెడదు. బ్యాటరీ ఆదా అయ్యేది అక్కడే.

చిక్కల్లా మలుపు దగ్గర. ఫేజ్ దిశ ఠక్కున మారితే సిగ్నల్ పక్క చానల్‌లోకి పొర్లుతుంది. జీఎస్ఎమ్‌లో చానళ్ల మధ్య దూరం 200 కిలోహెర్ట్జ్. అందులోనే సెకనుకు 270.833 కిలోబిట్లు పంపాలి. అందుకని బిట్లను ముందే గాసియన్ ఫిల్టర్‌లోంచి పంపి, మెలికల ముగ్గు గీతలా మలుపును గుండ్రం చేస్తారు. ఎంత గుండ్రం చేయాలో చెప్పే అంకె బీటీ. అది పెద్దదైతే మలుపు గుండ్రం తగ్గి పక్క చానల్‌కు ఇబ్బంది, మరీ చిన్నదైతే బిట్లు గుర్తుపట్టలేనంతగా కలిసిపోతాయి. జీఎస్ఎమ్ 0.3 తీసుకుంది.

ఈ 0.3 దగ్గర కూడా ఒక్కో బిట్ ఛాయ ఇరుగుపొరుగు బిట్ల మీద పడుతుంది. తెలిసే పడనిచ్చారు! నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ తెగింపే. భవనాలకో కొండలకో తగిలి ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వనులు ఎలాగూ బిట్లను కలగలిపేస్తాయి. వాటిని విడదీయడానికి ఫోన్‌లో ఈక్వలైజర్ ఉండక తప్పదు. ఫిల్టర్ వల్ల వచ్చిన మసకను తుడిచే పని కూడా దానికే అప్పగించారు.

ఆ ఈక్వలైజర్‌కు దారి చూపే ఏర్పాటు ఇంకా ముచ్చటైనది. ఫోన్ ఒక్కో విడతలో పంపే 148 బిట్ల బర్స్ట్‌లో 26 బిట్లు రిసీవర్‌కు ముందే తెలిసినవి. అవి ఎలా చెదిరి వచ్చాయో చూసి మిగతావాటిని సరిచేసుకుంటుంది. ఆ 26 బిట్లనూ సరిగ్గా నడిమధ్యన పెట్టారు. బస్సులో కూర్చుని మాట్లాడేవాళ్లకు దారి పొడవునా సిగ్నల్ తీరు మారుతూనే ఉంటుంది. మధ్యలో తీసిన అంచనా అటు చివరికీ ఇటు చివరికీ సమాన దూరంలో ఉంటుంది.

జీఎస్ఎమ్ మీదే తర్వాత వచ్చిన డేటా పద్ధతి ఎడ్జ్ ఒక్కో మార్పులో మూడేసి బిట్లు మోసింది, కానీ తరంగం ఎత్తు స్థిరంగా ఉంచలేకపోయింది.

ఈసీఈ చదివే పిల్లలు జీఎమ్‌ఎస్‌కే సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేయకండి. బీటీ 0.5కు ఒకటి, 0.3కు ఒకటి ఐ డయాగ్రమ్ గీసి, పక్కపక్కన పెట్టి చూడండి.