పోయిన శక్తి, వదులుకున్న శక్తి

1999లో ఫోర్డ్ కంపెనీ అమెరికాలో అమ్మిన మస్టాంగ్ కోబ్రా కారు ఇంజిను 320 హార్స్‌పవర్ ఇస్తుందని బ్రోషర్‌లో అచ్చేశారు. కొన్నవాళ్లు ఊరుకోలేదు. అలాంటి కారు కొనేవాళ్లు ఊరుకునే రకం కాదు కూడా. బండిని శక్తి కొలిచే డైనో యంత్రం రోలర్ల మీదికి ఎక్కించి కొలిపించారు. అంకె తక్కువొచ్చింది. ఒకరిద్దరికి తగ్గితే నెపం డైనో మీదికి నెట్టేయొచ్చు. వరసపెట్టి అందరికీ తగ్గుతుంటే ఇంజిను వైపు చూడక తప్పదు. ఆ ఆగస్టులో ఫోర్డ్ అమ్మకాలు ఆపేసింది. అప్పటికే అమ్మిన బండ్లను వెనక్కి పిలిచి ఇన్‌టేక్ మానిఫోల్డు మార్చింది, క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గర్నుంచి వెనకున్న సైలెన్సర్ గొట్టాలన్నీ మార్చింది, కంప్యూటర్ ప్రోగ్రామూ సరిచేసింది. మరుసటేడు మామూలు కోబ్రా మార్కెట్లోకే రాలేదు.

ఆ ఇంజిన్లేమీ హడావుడిగా బిగించినవి కావు. మిషిగన్ రాష్ట్రంలోని రోమియో ప్లాంటులో ఒక్కో ఇంజిన్ని ఇద్దరేసి మనుషులు జట్టుగా కూర్చి, దాని మీద తమ సంతకాల పలక బిగించేవాళ్లు. బిగింపుకి వంక పెట్టడానికి లేదు. వంకంతా పోతలో ఉంది. మానిఫోల్డు గొట్టాల లోపల అల్యూమినియం మిగులు గరుకుగా నిలిచిపోయి గాలికి దారి ఇరుకైంది. పలక మీద సంతకం చేసిన మనిషికి గొట్టం లోపలి గోడ కనపడదు కదా.

కొన్నేళ్లపాటు నేను పనిచేసింది ఇంజిన్ టెస్ట్ బెడ్ దగ్గరే. అక్కడ పట్టుబడిన అలవాటొకటి ఇప్పటికీ పోలేదు. ఎక్కడ విప్పిన సిలిండర్ హెడ్డు కనిపించినా గాలి వెళ్లే పోర్టులోకి చూపుడువేలు పోనిచ్చి తడుముతాను. అచ్చు రెండు సగాలు కలిసినచోట సన్నటి గట్టు తగులుతుంది. ఇంకొంచెం లోపలికి వెళితే, వాల్వు సీటు దగ్గర యంత్రం కోసిన నునుపు, పోత గరుకు కలిసేచోట చిన్న మెట్టు ఉంటుంది. బయట, మానిఫోల్డు వచ్చి హెడ్డుకి ఆనేచోట రెండు రంధ్రాలూ సరిగ్గా ఒకదానిమీదొకటి కూర్చోవు. మధ్యలో గ్యాస్కెట్ అంచు మిల్లీమీటరు మేర గాలి దారిలోకి పొడుచుకొస్తుంది. ఇలాంటివి ఒక్కొక్కటీ విడిగా చూస్తే లెక్కలోకి రావు. నిమిషానికి ఆరువేల చుట్లు తిరిగే ఇంజిను మాత్రం అన్నిటినీ కలిపే లెక్కేసుకుంటుంది.

నమూనా ఇంజిన్లు కూర్చే ప్రొటోటైప్ షాపులో వీటిని ఎవరూ ఇలా వదిలెయ్యరు. చిన్న గ్రైండింగ్ రాయితో గట్టు అరగదీస్తారు, గ్యాస్కెట్ అంచు కత్తిరిస్తారు. హెడ్డు తిరగేసి, పైన రంధ్రమున్న అద్దపు పలక మూతేసి, బురెట్‌తో చుక్కచుక్కగా నూనె పోసి ఒక్కో దహన గది ఎన్ని సీసీలు పడుతుందో కొలుస్తారు. ఎందుకంత చాదస్తమంటారా? 500 సీసీల సిలిండరు, కంప్రెషన్ నిష్పత్తి పదికి ఒకటి అనుకోండి. పిస్టను పైకొచ్చాక మిగిలే చోటు దాదాపు 55.6 సీసీలు. పోతలో ఆ గది రెండే రెండు సీసీలు పెద్దదైతే కంప్రెషన్ 9.7కి జారుతుంది. కంప్రెషన్ తగ్గితే శక్తీ తగ్గుతుంది. ఫౌండ్రీలో అచ్చులు అరిగేకొద్దీ, ఇసుక కోరు కాస్త పక్కకి జరిగినప్పుడల్లా ఆ రెండు సీసీలు అటో ఇటో పోతూనే ఉంటాయి. నిమిషానికో రెండు నిమిషాలకో ఇంజిను దిగిపోయే లైను మీద బురెట్ పట్టుకుని ఎవరు కూర్చుంటారు?

మా దగ్గర పెద్ద ఫిట్టరు ఒకాయన ఉండేవారు. టెస్ట్ బెడ్ మీద అంకె చూసి కుర్ర ఇంజినీర్లు చప్పట్లు కొడుతుంటే, చేతులు తుడుచుకుంటూ అనేవారు: "ఇది పెళ్లిచూపులకి ముస్తాబు చేసిందండీ. కాపరం చేసేది వెనకొస్తుంది, తొందరపడకండి."

ఇంతవరకూ చెప్పింది పోయిన శక్తి. అక్కర్లేకుండా జారిపోయింది. జాగ్రత్తపడితే, డబ్బు పెడితే చాలావరకు తిరిగొస్తుంది. కావాలనే వదులుకున్న శక్తి ఇంకోటుంది. దీని గురించి బయటివాళ్లు తక్కువ మాట్లాడతారు, నాకు మాత్రం అసలు పనితనం ఇక్కడే కనిపిస్తుంది.

మాజ్డా ఆర్‌ఎక్స్-8 సంగతే చూడండి. 2003లో అమెరికా మార్కెట్‌కి 247 హార్స్‌పవర్ అని చెప్పి, తర్వాత 238 అని దిద్దుకున్నారు. అది పిస్టన్లు లేని రోటరీ ఇంజిను. దాని పొగ విపరీతమైన వేడి. అక్కడి చట్టం ప్రకారం పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరు ఏళ్ల తరబడి చెడకుండా పనిచెయ్యాలి. ఫుల్ థ్రాటిల్ దగ్గర కాస్త ఎక్కువ పెట్రోలు పోస్తే పొగ చల్లబడి కన్వర్టరు బతుకుతుంది, కానీ శక్తి కొంత పోతుంది. చివరి దశలో కంప్యూటర్ సెట్టింగులు అటు జరిపారు, తొమ్మిది గుర్రాలు పోయాయి. కావాలంటే కారు వెనక్కి తీసుకుంటామన్నారు. ఉంచుకుంటే 500 డాలర్లు, వారంటీ ఉన్నంతకాలం ఉచిత సర్వీసు ఇస్తామన్నారు. అంతకు రెండేళ్ల ముందే ఇదే కంపెనీ మియాటా కారు విషయంలో 155 అని చెప్పి 142కి దిగింది. రెండోసారి కూడా అదే పొరపాటా అని నవ్వొస్తుంది గానీ, ఇంజినీర్ల నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. తప్పల్లా సెట్టింగులు ఖాయం కాకముందే అంకె అచ్చుకి పంపినవాళ్లది.

కన్వర్టరు ఒక్కటే కాదు. టెస్ట్ బెడ్ మీద ఇంజిను తాగేది తెలిసిన పెట్రోలు, పీల్చేది తెలిసిన గాలి. అమెరికా, యూరప్ ప్రమాణాలు రెండూ కొలతని 25 డిగ్రీల గాలికి సరిచేసి చెప్పమంటాయి. మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలప్పుడు టర్బో లేని ఇంజినుకి అదే సిలిండరులో దాదాపు ఆరు శాతం గాలి తక్కువ పడుతుంది. అది ఎవరూ ఏమీ చెయ్యలేని లోటు. దానికి తోడు వేడిగాలి, నాసి పెట్రోలు కలిస్తే నాకింగ్ మొదలవుతుంది, పిస్టను తల మీద సుత్తి దెబ్బలు పడ్డట్టే. ఎక్కడో పల్లెటూరి బంకులో పోయించుకున్న ఆ ఒక్క ట్యాంకు గురించి ఆలోచించే, స్పార్కు కొంచెం ఆలస్యంగా పడేలా ముందే అమరుస్తారు. ప్రొటోటైపు మీద ఆ బెంగ ఉండదు, దానికి కాపలాగా పక్కనే మనిషి నిలబడి ఉంటాడు. అమ్మిన ఇంజినుకి ఆ మనిషి లేడు.

కొలిచే పద్ధతిలోని మాయని కూడా చెప్పాలి. అమెరికాలో 1971 వరకు ఎయిర్ ఫిల్టరూ సైలెన్సరూ లేకుండా, ఇంజిను నడపాల్సిన అదనపు పరికరాలన్నీ తీసేసి వట్టి ఇంజిన్ని కొలిచి ఆ అంకే ప్రకటించేవాళ్లు. క్యాడిలాక్ ఎల్డొరాడో 8.2 లీటర్ల ఇంజిను 1971లో 365, 1972లో 235. ఏడాదిలో ఇంజిను ముసలిదైపోలేదు. బండిలో ఉన్నట్టే అన్నీ తగిలించి కొలిచారు, అంతే. ఆ తర్వాత కూడా సందులు మిగిలే ఉన్నాయి. 2005లో నిబంధనలు బిగించి, కొలిచేటప్పుడు బయటి సాక్షి ఉండే పద్ధతి తెచ్చేసరికి టొయోటా క్యామ్రీ వి6 అంకె 210 నుంచి 190కి వచ్చింది. యూరప్‌లో అయితే లైను మీద తయారైన ఇంజిను ఆమోదం పొందిన అంకెకి ఐదు శాతం అటూఇటూ ఉన్నా చెల్లుతుంది. నూరన్నచోట తొంభై ఐదొచ్చినా అది నేరం కాదన్నమాట.

ఎదురు ఉదాహరణా ఉంది. అదే కొత్త సాక్షి పద్ధతి కింద మొట్టమొదట ధ్రువీకరణ పొందింది 2006 కార్వెట్ జీ06లోని ఎల్‌ఎస్7 ఇంజిను. జీఎం ముందు చెప్పింది 500, ధ్రువీకరణలో తేలింది 505. దాని పోర్టుల్ని పోతకి వదిలెయ్యలేదు. కంప్యూటర్ నడిపే యంత్రంతో ఒక్కో పోర్టునీ లోపలంతా చెక్కారు. మిషిగన్‌లోని విక్సమ్‌లో ఒక్కో ఇంజిన్ని మొదట్నుంచి చివరిదాకా ఒకే మనిషి కూర్చేవాడు. పోయిన శక్తిని ఇలా డబ్బుతో కొనుక్కోవచ్చు. మామూలు కారు ధరలో ఆ డబ్బు లేదు.

వదులుకున్న శక్తిని కూడా ఇప్పుడు అమ్ముతున్నారు. హైదరాబాదులో, బెంగళూరులో లాప్‌టాప్ తగిలించి ఇంజిను కంప్యూటర్ సెట్టింగులు మార్చే రీమ్యాప్ చేస్తారు. పూటలో పని అయిపోతుంది, టర్బో బండైతే తేడా పికప్‌లో నిజంగానే తెలుస్తుంది. కంపెనీ వాళ్లు మన దగ్గర దాచిపెట్టిన గుర్రాల్ని బయటికి తీశామని చెబుతారు. దాచిపెట్టిన మాట నిజమే. అవి నాసి పెట్రోలుకి, ఎండాకాలానికి, లక్ష కిలోమీటర్ల తర్వాతి కన్వర్టరుకి తీసిపెట్టినవి. చేయించుకునేవాళ్లని నేను ఆపను. ఏ ఆక్టేన్ పెట్రోలు అనుకుని చేస్తున్నారు, పొగ వేడి ఎంత వరకు వెళ్లనిస్తున్నారు అని రీమ్యాప్ చేసే కుర్రాణ్ణి అడగమంటాను. అడిగిన రెండింటికీ అంకెలు చెప్పగలిగితే బండి తాళాలు ఇవ్వొచ్చు. "ఏం కాదన్నా, అందరూ చేయించుకుంటున్నారు" అంటే మాత్రం, టీ తాగి వచ్చెయ్యండి.