పూడిక మట్టిలో నలుపెంత?

చెరువు అడుగు మట్టిలో హ్యూమిక్ పదార్థం, అంటే కుళ్లిన జీవపదార్థం నుంచి ఏర్పడే నల్లటి హ్యూమస్, ఇంత శాతం ఉందని రిపోర్టు వస్తే, ఎలా తీశారో అడగకుండా నేను ఆ అంకెను నమ్మను. హైదరాబాద్‌లోని మా మదీనాగూడ ఈర్ల చెరువులాంటి నగర చెరువుల విషయంలో ఈ పట్టుదల మరీ ఎక్కువ.

తీసే పని పాతదే. 1786లో జర్మనీలో రసాయన శాస్త్రవేత్త ఫ్రాంజ్ కార్ల్ అఖర్డ్ పీట్ నుంచి క్షారంతో నల్లటి ద్రవం తీసి, ఆమ్లం పోసి మడ్డిని దింపాడు. 1981లో ఏర్పడిన అంతర్జాతీయ హ్యూమిక్ పదార్థాల సంఘం ఆ పనికి ఒక క్రమం పెట్టింది. ఎండబెట్టి జల్లెడ పట్టిన మట్టిని ముందు పల్చని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగాలి. సేంద్రియ పదార్థాన్ని పట్టి ఉంచిన కాల్షియం అప్పుడు వదులుతుంది. ఆ తర్వాత గ్రాము మట్టికి 10 మిల్లీలీటర్ల లెక్కన 0.1 మోలార్ కాస్టిక్ సోడా పోసి, నైట్రోజన్ వాయువు నింపిన పాత్రలో కనీసం 4 గంటలు కలపాలి. నైట్రోజన్ సిలిండర్ ఖర్చని వదిలేసేవాళ్లున్నారు. కానీ క్షారంలో గాలి తగిలితే పదార్థం ఆక్సీకరణ చెంది మారిపోతుంది. మనం కొలిచేది చెరువులో ఉన్నది కాకుండా పోతుంది.

రాత్రంతా తేరనిచ్చి, పైన నిలిచిన చిక్కటి డికాషన్‌లాంటి ద్రవాన్ని వంచి, పీహెచ్ 1కి దించితే నల్లటి తునకలు అడుగుకు దిగుతాయి. అది హ్యూమిక్ ఆమ్లం. పైన పసుపుగా మిగిలేదాంట్లో ఫుల్విక్ ఆమ్లం ఉంటుంది. మట్టిని వదలనిది హ్యూమిన్. నల్లటి మడ్డిని ఆరబెట్టి తూచేటప్పుడు, కాల్చితే మిగిలే బూడిద బరువును తీసేయాలి, లేకపోతే బంకమన్ను కూడా హ్యూమిక్ లెక్కలోకి వచ్చేస్తుంది.

అసలు చిక్కు ఇంకోటి. నగరంలో చాలా చెరువుల్లోకి మురుగునీరు చేరుతుంది. అందులోని ప్రోటీన్లు, కొవ్వులు కూడా కాస్టిక్ సోడాలో కరుగుతాయి. నిన్నమొన్నటి మురుగు ఏళ్లనాటి హ్యూమస్ పేరు పెట్టుకుని రిపోర్టులో కూర్చుంటుంది. 2015లో మట్టి శాస్త్రవేత్తలు యోహానెస్ లేమాన్, మార్కస్ క్లెబర్ నేచర్ పత్రికలో ఇంకా ముందుకెళ్లారు: క్షారంతో తీసిన ఈ పదార్థాలు మట్టిలో ఆ రూపంలో ఉన్నాయనడానికే ఆధారం లేదన్నారు. నేను అంతదూరం పోను. ఒకే పద్ధతిలో ఏటా తీస్తే మార్పు తెలుస్తుంది, అది పనికొచ్చే సమాచారం.

2015లో తెలంగాణలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో పూడిక మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. ఊరి చెరువు మట్టికి అది మంచి దారి. నగర చెరువు మట్టిని మాత్రం నలుపు చూసి పొలానికి పంపకూడదు. హ్యూమస్ రాగి, సీసం లాంటి లోహాలను గట్టిగా పట్టుకుంటుంది. నలుపుతోపాటు అవీ పొలంలోకి చేరతాయి. అందుకే హ్యూమిక్ శాతం పక్కన బూడిద, నైట్రోజన్, రాగి, సీసం, తీసిన పద్ధతి కూడా రాయమని ల్యాబును అడగండి.