పల్లె ఫిడేలు, ఆర్కెస్ట్రా వేదిక

అమెరికా జానపద బాణీలను ఆర్కెస్ట్రాకు ఎక్కించిన తొలితరంలో బాగా వినిపించే పేరు ఓ విదేశీయుడిది. చెక్ స్వరకర్త ఆంటొనిన్ ద్వోర్షాక్ 1892లో న్యూయార్క్ నేషనల్ కన్సర్వేటరీకి డైరెక్టరుగా వచ్చాడు. అక్కడి నల్లజాతి విద్యార్థి హ్యారీ బర్లీ, ఒకప్పుడు బానిసగా బతికిన తన తాత నేర్పిన భక్తిగీతాలు, అంటే స్పిరిచువల్స్, ఆయనకు పాడి వినిపించేవాడు. 1893 డిసెంబరులో కార్నెగీ హాల్లో తొలిసారి వినిపించిన 'న్యూ వరల్డ్' సింఫనీ రెండో భాగంలో ఇంగ్లిష్ హార్న్ పలికే ప్రధాన బాణీ ద్వోర్షాక్ సొంతం. అయినా అందులో ఆ గీతాల ఛాయ ఉంది. మన మోహన రాగంలోని ఐదు స్వరాలే దానికీ ఆధారం.

బయటి నుంచి విన్న చెవికి అందినది అంతవరకే. లోపలి నుంచి రాసినవాడు నల్లజాతి స్వరకర్త విలియం గ్రాంట్ స్టిల్. 1931లో రాచెస్టర్‌లో తొలిసారి వినిపించిన ఆయన 'ఆఫ్రో-అమెరికన్ సింఫనీ' బ్లూస్ పాటలకుండే 12 బార్ల చట్రం మీద మొదలవుతుంది. గాంధార నిషాదాలను కాస్త దించి పలకడం బ్లూస్ లక్షణం. ఆ పాటల్లోని జీర కోసం స్టిల్ ట్రంపెట్ నోటికి మ్యూట్ బిగించాడు. మూడో భాగంలో బాంజోను సింఫనీలో కూర్చోబెట్టాడు. 1933లో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా వాయించిన ఫ్లారెన్స్ ప్రైస్ మొదటి సింఫనీలోనైతే మూడో భాగం పేరే జూబా నాట్యం. డప్పులు వాయించడాన్ని యజమానులు నిషేధించిన చోట, బానిసలు చప్పట్లు చరుస్తూ, తొడలు కొడుతూ, కాళ్లతో నేలను తంతూ తాళం నిలబెట్టుకున్న ఆట అది. శరీరమే వాద్యమైన ఆ లయను ప్రైస్ తీగవాద్యాలకు అప్పగించింది: కింది స్వరాలు నిలకడగా దెబ్బ వేస్తుంటే, పైన బాణీ దెబ్బకు దెబ్బకు మధ్య విరుగుతూ సాగుతుంది.

ఆరన్ కోప్లాండ్ 1942లో 'రోడియో' బ్యాలే కోసం రాసిన 'హో-డౌన్' ఆర్కెస్ట్రా కచేరీల్లో ఇప్పటికీ ఈలలు వేయిస్తుంది. ఆరంభంలో వయొలిన్లు పల్లె ఫిడేలువాళ్లు శ్రుతి చేసుకుంటున్నట్టు ఖాళీ తీగలను మోగిస్తాయి. పియానో, వుడ్‌బ్లాక్ అడుగులు వేస్తాయి. ఆ వెనకే వచ్చే ప్రధాన బాణీ దాదాపు యథాతథంగా కెంటకీ ఫిడేలు కళాకారుడు విలియం స్టెప్ వాయించినదే. మెల్లగా నడిచే పాత కవాతు బాణీని ఆయన పరుగెత్తే నాట్యంగా మార్చి వాయించగా, 1937లో అలన్ లోమాక్స్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం రికార్డు చేశాడు. రూత్ క్రాఫర్డ్ సీగర్ దాన్ని విని, స్వరలిపిలో రాసింది. అచ్చయిన ఆ స్వరలిపి నుంచి కోప్లాండ్ బాణీని తీసుకున్నాడు.

కోప్లాండ్ ప్రతిభ ఆ బాణీని పాడుచేయకుండా వాద్యాలకు పంచడంలో ఉంది. బాణీకి ఆ వేగం, ఆ ఒడుపు ఇచ్చిన ఘనత మాత్రం స్టెప్‌ది. 'హో-డౌన్' వాయించే ప్రతి కచేరీ కరపత్రంలో కోప్లాండ్ పేరు పక్కన ఆయన పేరూ ఉండాలి.