మైకు ధర కాదు, దూరం ముఖ్యం

ఇంట్లో పాట రికార్డు చేసుకునే పరికరాల ప్రకటనల్లో ‘24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్’ అన్న మాటలు పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. ఈ అంకెలకు అదనపు డబ్బు పెట్టాలా? మనిషి చెవికి వినిపించేది దాదాపు 20 కిలోహెర్ట్జ్ వరకే. దానికి సీడీల్లో వాడే 44.1 కిలోహెర్ట్జ్ చాలు. 16 బిట్లకే సుమారు 96 డెసిబెళ్ల అంతరం ఇముడుతుంది. 24 బిట్ల వల్ల రికార్డింగు స్థాయిని సరిచేసుకోవడం సులువవుతుంది, అంతే.

అసలు చిక్కు గదిలో ఉంది. సూరత్‌లో తెలుగు నేత కుటుంబాలు స్థిరపడిన లింబాయత్ ప్రాంతాన్నే తీసుకోండి. మరమగ్గాల హోరు గోడ దాటి వచ్చే ఇంట్లో, ఎక్కువ బిట్లు ఆ హోరునే మరింత నిక్కచ్చిగా నమోదు చేస్తాయి! గోడలకు బొంతలు కడితే గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది గాని, బయటి మోత ఆగదు.

మరి మార్గం? దూరం సగమైతే నేరుగా అందే ధ్వని 6 డెసిబెళ్లు పెరుగుతుంది. నోటికి 40 సెంటీమీటర్ల దూరంలోని మైకును 10 సెంటీమీటర్లకు తెస్తే గొంతు 12 డెసిబెళ్లు పెరుగుతుంది. హోరు మాత్రం పెరగదు. ఈ లాభానికి పైసా ఖర్చు లేదు. కాబట్టి ముందు మగ్గాలు ఆగే వేళ చూసుకోండి. ఎదుటి ధ్వనిని ఎక్కువగా, వెనకదాన్ని తక్కువగా గ్రహించే సాధారణ డైనమిక్ మైకు కొనండి. బిట్ల సంగతి ఆ తర్వాతే.