యాలూ దాటిన సేనలు: ఒక నిర్ణయం, రెండు వ్యాఖ్యానాలు

1950 అక్టోబరు 19న చైనా సేనలు యాలూ నది దాటి ఉత్తర కొరియాలో ప్రవేశించాయి. ప్రజా రిపబ్లిక్ ఏర్పడి అప్పటికి ఏడాది దాటి పద్దెనిమిది రోజులే. అంతర్యుద్ధంతో చితికిపోయిన దేశం, అణ్వాయుధాలున్న అమెరికాతో ఎందుకు తలపడింది? ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన గ్రంథాలలో రెండు ముఖ్యమైనవి.

ఆలెన్ వైటింగ్ 1960లో ప్రచురించిన ‘చైనా క్రాసెస్ ద యాలూ’ సరిహద్దు భద్రతను ప్రధాన కారణంగా చూపింది. ఇంచాన్ విజయం తరువాత అమెరికా సేనలు ఉత్తరానికి కదులుతున్నప్పుడు, అక్టోబరు 3 తొలి గడియల్లో చౌ ఎన్ లై భారత రాయబారి పణిక్కర్‌ను పిలిపించి, అమెరికన్లు 38వ అక్షాంశ రేఖను దాటితే ఊరుకోబోమని హెచ్చరించాడు. వాషింగ్టన్ దానిని పెడచెవిన పెట్టింది. అంటే ఈ యుద్ధం నివారించదగినదే. అయితే వైటింగ్‌కు చైనా అంతరంగిక పత్రాలు అందుబాటులో లేవు. బహిరంగ ప్రకటనల నుంచే ఆయన నాయకుల ఉద్దేశాలను ఊహించవలసి వచ్చింది.

1994లో చెన్ జియాన్ ‘చైనాస్ రోడ్ టు ద కొరియన్ వార్’లో కొత్త పత్రాల ఆధారంగా వేరొక చిత్రాన్ని గీశాడు. ఈశాన్య సరిహద్దు సేన జూలైలోనే ఏర్పడింది. చైనా అంతర్యుద్ధంలో పోరాడిన కొరియన్ల ఋణం ఉంది. అన్నిటికీ మించి, దేశంలో విప్లవ చైతన్యాన్ని రగిలించేందుకు మావోకు యుద్ధం ఒక సాధనం. ఈ వాదన ప్రకారం, రేఖ వద్ద అమెరికా ఆగినంత మాత్రాన ఘర్షణ తప్పేదని చెప్పలేం.

చెన్ వాదన అక్టోబరు దగ్గర తడబడుతుంది. మావో తొలుత స్టాలిన్‌కు పంపిన సమాధానంలో సేనలను ఇప్పుడే పంపలేమన్నట్లు రష్యా పత్రాలు చెబుతున్నాయి. లిన్ బియావో వెనుకాడాడు. సోవియట్ వైమానిక రక్షణ ఆలస్యమవుతుందని తెలియగానే కదలిక తాత్కాలికంగా ఆగింది. విప్లవోత్సాహమొక్కటే చాలినదైతే ఇంత ఊగిసలాట ఎందుకు? సన్నాహం వేరు, నిర్ణయం వేరు.

వైటింగ్ వాదనకు 1951 జనవరి అడ్డు తగులుతుంది. భద్రతే లక్ష్యమైతే రేఖ వద్ద ఆగవలసింది. చైనా సేనలు దక్షిణానికి సాగి సియోల్‌ను పట్టుకున్నాయి. ఐక్యరాజ్యసమితి కాల్పుల విరమణ ప్రతిపాదనను బీజింగ్ తిరస్కరించింది.

కనుక ఒకే కారణాన్ని వెతకడమే ఇద్దరిలోని లోపం. వ్యాధికి దేహతత్వం ఒక కారణం, తక్షణ ప్రేరకం మరొకటి. ఒకటి రెండవదానికి బదులు కాదు. యుద్ధసంసిద్ధతను చెన్ బాగా వివరించాడు, ముహూర్తాన్ని వైటింగ్ వివరించాడు. యుద్ధలక్ష్యం మాత్రం తొలి విజయాల తరువాత పెరిగింది. దాని మూల్యం 1953 జూలై 27 వరకు లక్షలాది ప్రాణాలు. హెచ్చరికను విననివారికీ, గెలుపు వద్ద ఆగనివారికీ అందులో సమాన భాగమే ఉంది.