వరిదుబ్బు చుట్టూ ఒక పాఠం

ఆహారపు గొలుసును బోధించే బొమ్మ దశాబ్దాలుగా మారలేదు: గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. ఈ వారం కంటబడిన ఒక అభ్యాస పుస్తకంలో అదే వరుస ఉంది గానీ, బాణాలు మాత్రం తలకిందులై గద్ద నుంచి పాముకు, పాము నుంచి కప్పకు దిగుతున్నాయి. బాణం చూపవలసింది వేట దిశను కాదు, ఆహారంలోని శక్తి ప్రవహించే దిశను; కనుక అది ఆహారమయ్యే జీవి నుంచి దాన్ని తినే జీవి వైపు సాగాలి. జీవశాస్త్రాన్ని నాలుగు గోడల మధ్య కాక పొలం గట్టున నేర్పాలన్నది ఈ శీర్షిక పాఠకులకు చిరపరిచితమైన వాదన. ఇలాంటి తప్పు కనిపించినప్పుడు ఆ వాదనకు మరింత బలం చేకూరుతుంది.

గట్టు దిగి చూస్తే వరిమడిలో ఈ పాఠమంతా ఉంది. ఎండ సాయంతో తన ఆహారాన్ని తానే తయారుచేసుకునే వరి ఉత్పత్తిదారు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా చేరి రసం పీల్చే సుడిదోమ ప్రాథమిక వినియోగదారు. ఆ దోమను పట్టి తినే సాలీడు, దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లి ద్వితీయ వినియోగదారులు. రాలిన ఆకును కుళ్లబెట్టి పోషకాలను తిరిగి మట్టికి చేర్చే బాక్టీరియా, శిలీంధ్రాలు విచ్ఛిన్నకారులు. ఈ జీవులన్నీ, వాటికి ఆధారమైన నీరు, మట్టి, వెలుతురుతో కలిసి ఏర్పడినదే ఆవరణ వ్యవస్థ.

సుడిదోమ తన గుడ్లను ఆకు తొడుగు కణజాలం లోపల పెడుతుంది కనుక, కనిపించిన పురుగునల్లా చంపే మందు చల్లినప్పుడు పైన తిరిగే సాలీళ్లు, నల్లులు చచ్చిపోయినా ఆ గుడ్లు చాలావరకు మిగిలిపోతాయి; మందు ప్రభావం తగ్గాక పొదిగిన పిల్లదోమలను అదుపుచేసే శత్రువులు కరవై, మందు చల్లిన పొలమే సుడులు సుడులుగా ఎండిపోతుంది. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 పురుగుమందుల వాడకాన్ని నిషేధించడానికి ఈ అనుభవమే కారణం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 1989లో అక్కడ మొదలైన రైతు క్షేత్ర పాఠశాలల పద్ధతే తెలుగునాట పొలంబడిగా సాగింది.

పొలంబడిలో రైతులు మడిలోకి దిగి, కొన్ని దుబ్బులను ఎంచుకుని, మొదళ్లు విడదీసి పురుగులను లెక్కపెడతారు. తర్వాత గట్టుకు చేరి పెద్ద కాగితంపై నడుమ వరిదుబ్బును, ఒక పక్క శత్రుపురుగులను, మరో పక్క మిత్రపురుగులను గీసి, ఆ బొమ్మను చర్చించాకే మందు అవసరమో కాదో తేల్చుకుంటారు.

పొలానికి వెళ్లినవారు కూడా చివరికి బొమ్మనే ఆశ్రయించారన్నది ఇక్కడ గమనించదగిన విషయం. శిక్షణ లేని కంటికి సాలీడూ సుడిదోమా రెండూ పురుగులే. ఏది దేనికి ఆహారమన్న ప్రశ్న ముందే మనసులో ఉంటే తప్ప వాటి మధ్య తేడా కనిపించదు, ఆ ప్రశ్నను నేర్పేది తరగతి గదిలోని ఆ ఐదు జీవుల వరుసే. కాబట్టి పొలం ముందా పుస్తకం ముందా అంటే, సరిదిద్దిన పుస్తకమే ముందని ఒప్పుకోవాలి. పరీక్షలో ఆ వరుసను అడగడం మానవలసిన పని లేదు. అందులోంచి ఒక జీవిని తొలగిస్తే మిగిలినవాటి సంఖ్య ఎలా మారుతుందో, ఎందుకు మారుతుందో కూడా రాయమని అడిగితే, విద్యార్థి చదువు పొలం దాకా సాగుతుంది.